మేత వెయ్యని చెరువులు: కలకత్తాలో నాలుగు రోజులు

మా బావకి హౌరాలో రావలసిన డబ్బు ఉంది. నాకు నది అవతల కలకత్తా అంచున చూడవలసిన చెరువులు ఉన్నాయి. రెండు పనులూ ఒక్క ప్రయాణంలో అయిపోతాయని సంక్రాంతికి వారం ముందు బయల్దేరాం. మాది ఆకివీడు. తవుడు వాసన, ఐసు దంచే చప్పుడు, రోడ్డు పొడుగునా చేపల లారీలు, వీటి మధ్యనే పెరిగాం. చెరువు గురించి మాకు ఇంకొకడు చెప్పేదేముందిలే అనే పొగరు కూడా కొంచెం ఉంది. కనుమ నాడు మధ్యాహ్నం, గారెలు అరక్క కూర్చుని ఇది రాస్తున్నాను.

జనవరి 6, మంగళవారం. హౌరా

తెల్లవారుజామున నాలుగున్నరకి హౌరా స్టేషన్ పక్కన ఉన్న చేపల మార్కెట్లో దిగబడ్డాం. దిగబడ్డాం అన్నది ఉత్త మాట కాదు. కింద నీళ్లు, పొలుసులు, కరిగిన ఐసు. నెత్తి మీద బుట్టలు పెట్టుకున్న కూలీలు "సొరూన్, సొరూన్" అని అరుస్తూ దూసుకొస్తారు. తప్పుకోకపోతే భుజం మీద చల్లటి చేప నీళ్లు పడతాయి. నాకు రెండుసార్లు పడ్డాయి.

కాసేపటికి బావ నన్ను మోచేత్తో పొడిచాడు. వరసగా ప్లాస్టిక్ ట్రేలు, ఐసు కింద నుంచి తోకలు బయటపెట్టిన శీలావతులు, బొచ్చెలు. "మనోళ్లేరా," అన్నాడు, చుట్టాలు కనపడినట్టు. రెండు రాత్రులు లారీలో పడుకుని వచ్చిన చేపలవి. ఇక్కడ వాటి పేరు 'చాలానీ మాఛ్'. అంటే బయటి నుంచి సరుకుగా దిగిన చేప అని. 'ఒంధ్రో', అంటే ఆంధ్రా, అని కూడా అంటారు. ఆ మాట అనేటప్పుడు మూతి కొంచెం వంకర తిరుగుతుంది. ఒక పెద్దాయన మొప్ప ఎత్తి చూసి, పొట్ట మీద బొటనవేలు నొక్కి, ఏమీ అనకుండా పక్క తొట్టెలో ఎగురుతున్న బతికిన చేపల దగ్గరికి వెళ్లిపోయాడు. బావ ఆయన వీపు వంక చూసిన చూపు చెప్పలేను.

బతికిన చేపలు ఎక్కడివని అడిగితే ఒకడు గడ్డంతో తూర్పు దిక్కు చూపించి "భేరి" అన్నాడు. భేరి అంటే ఊరి అంచున ఉన్న చేపల చెరువు. నేను వచ్చింది వాటి కోసమే.

బావకి బాకీ ఉన్న కమీషన్ వ్యాపారి పేరు రాయను. బావ ఇంకా ఆశ వదులుకోలేదు. ఆయన మమ్మల్ని చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. పూరీల్లాంటి తెల్లటి లూచీలు, బంగాళదుంప కూర, మట్టి కప్పులో టీ, ఆ తర్వాత కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్. ఈ చలికాలం రెండు మూడు నెలలే దొరుకుతుందట ఆ బెల్లం. నోట్లో వేసుకుంటే పొగ వాసన వేసి, వెంటనే కరిగిపోయింది. డబ్బు మాట ఎత్తగానే "సంక్రాంతి వెళ్లనివ్వండి" అన్నాడు. ఇక్కడా సంక్రాంతి ఉందని ఆ విధంగా తెలిసింది.

మధ్యాహ్నం ఒక పాత భోజన హోటల్లో తిన్నాం. ఇక్కడ దేనికి దానికి లెక్క. అరిటాకుకి ఐదు రూపాయలు, నిమ్మచెక్కకి రెండు, పప్పు వేరు, చేప ముక్క సైజుని బట్టి వేరు. వడ్డించేవాడు కాయితం లేకుండా అన్నీ గుర్తు పెట్టుకుని గల్లా దగ్గరికి గట్టిగా కేక వేస్తాడు. ఇద్దరికీ 370 అయింది. రూయీ, అంటే మన శీలావతి, పులుసు పల్చగా, ఆవనూనె ఘాటుతో ఉంది. చేప ఎక్కడిది అని బావ అడిగితే, "దేశీ" అన్నాడు కుర్రాడు గర్వంగా. వాడు అటు వెళ్లాక బావ ముక్క తిప్పి చూసి, "మేత తిన్న కొవ్వురా ఇది. మనదే," అన్నాడు.

జనవరి 7, బుధవారం. సెక్టార్ ఫైవ్

ఈ రోజంతా తప్పుదారే. హౌరా నుంచి మెట్రో హుగ్లీ నది కిందుగా వెళ్తుంది. నీలం లైట్లు వెలిగిన ఆ ముక్క ముప్పావు నిమిషంలో అయిపోతుంది. బండిలో వాళ్లంతా ఫోన్లు పైకెత్తి అద్దంలోంచి వీడియో తీశారు, మేమూ తీశాం. చివరి స్టేషన్ సెక్టార్ ఫైవ్. మ్యాప్‌లో నీళ్లు పక్కనే కనపడుతున్నాయని అక్కడ దిగాం.

ఆ చెరువులన్నిటికీ కలిపి ఉన్న ఇంగ్లీషు పేరుతో, "ఈస్ట్ కోల్‌కతా వెట్‌ల్యాండ్స్ ఎటు?" అని సెక్యూరిటీ గార్డుని అడిగితే, "అది ఏ కంపెనీ సార్? ఏ టవర్?" అన్నాడు. ఆటో అతను నమ్మకంగా ఎక్కించుకుని నల్బన్ దగ్గర దింపాడు. నీళ్లున్న మాట నిజమే. కానీ పడవ షికార్లు, తిండి దుకాణాలు, సెల్ఫీలు దిగే జంటలు. ఆటోకి 120 పోయింది. బావ ఫిష్ ఫ్రై తిని, "బాగానే ఉందిగా వెట్‌ల్యాండు, పద పోదాం," అన్నాడు.

నిజానికి మేం నిలబడిన చోటు కూడా ఒకప్పుడు నీళ్లే. సాల్ట్ లేక్ అన్న పేరు ఊరికే రాలేదు. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ హయాంలో మొదలుపెట్టి, 1960ల్లో, హుగ్లీ అడుగు నుంచి తోడిన ఒండ్రుని గొట్టాల్లో ఇక్కడిదాకా తెచ్చి ఆ నీళ్ల మీద పోశారు. ఆ ఒండ్రు మీద ఊరు లేచింది. ఆ ఊరికి ఆయన పేరే పెట్టి బిధాన్‌నగర్ అన్నారు. తర్వాత ఐటీ టవర్లు వచ్చాయి. ఆ టవర్ల కింద టీ బడ్డీ దగ్గర తెలుగు వినపడింది. ఇద్దరు కుర్రాళ్లు రెంటు గురించి తిట్టుకుంటున్నారు. మిగిలిన చెరువులు ఇటువైపు చూసి ఎందుకు భయపడాలో చూడాలంటే ఆ బడ్డీ దగ్గర నిలబడి తలెత్తితే చాలు.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఆ టీ బడ్డీ ఆయనే. "వెట్‌ల్యాండ్ ఏంటి బాబూ, భేరి అనండి" అని నవ్వి, "అయితే ఏ భేరి?" అని ఎదురు ప్రశ్న వేశాడు. రెండు వందల యాభై దాకా ఉన్నాయట. మట్టి కప్పు టీ పది రూపాయలు. రేపు సైన్స్ సిటీ దగ్గర షేర్ ఆటో ఎక్కి బంతలా వైపు వెళ్లమన్నాడు.

జనవరి 8, గురువారం. బంతలా

సైన్స్ సిటీ దాటి బసంతీ హైవే ఎక్కగానే పక్కన కాలవ మొదలవుతుంది. నల్లగా, చిక్కగా, నెమ్మదిగా కదిలే నీళ్లు. బావ ముక్కుకి తువ్వాలు కట్టుకున్నాడు. ఆటోలో పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం ఒళ్లో కూరల సంచి పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

ఆ కాలవ కథ చెప్పాలి. కలకత్తా హుగ్లీ ఒడ్డునే ఉన్నా, ఊరి వాలు మాత్రం నదికి ఎదురుగా, తూర్పుకి. అందుకే బ్రిటిష్ వాళ్లు మురుగునంతా తూర్పున ఉన్న విద్యాధరి నదిలోకి మళ్లించారు. ఆ నది పూడుకుపోయి, 1928కల్లా చచ్చిపోయిందని ప్రకటించారు. తర్వాత ఇంకా దూరం కాలవలు తవ్వి కుల్టీ ఏటి దాకా తీసుకెళ్లారు. ఈ లోపు ఉప్పునీటి పోటు ఆగిపోయిన చెరువుల్లోకి ఎవరో రైతులు మురుగునీళ్లు కొంచెం కొంచెంగా వదిలి చూశారు. చేప బాగా పెరిగింది. అంతే, ఇంజనీరు గీసిన ప్లాను ఏమీ లేదు. ఈ రోజుకీ నగరం నుంచి రోజుకి 75 కోట్ల లీటర్లకు పైగా మురుగు ఇటు తూర్పుకే వస్తుంది. ఇతర నగరాలు కోట్లు పోసి ప్లాంట్లు కట్టి చేసే పనిలో పెద్ద భాగం ఇక్కడ ఎండా, నాచూ, చేపా కలిసి చేసేస్తాయి.

బంతలా దాటాక ఒక గట్టు దగ్గర దిగి నడిచాం. ఎదురుగా నీళ్లు, ఆకాశం. వెనక్కి తిరిగితే పొగమంచులో అపార్ట్‌మెంట్లు. వాసన ఎక్కడ ఆగిపోయిందో గమనించలేదు. బావ తువ్వాలు ఎప్పుడో మెడలోకి దిగిపోయింది.

గట్టు మీద పాక దగ్గర ఒక ముసలాయన వల బాగు చేసుకుంటున్నాడు. ఆయనకి హిందీ అంతంతమాత్రం, మాది అంతకంటే తక్కువ. బావ "ఒంధ్రో" అని తనని తాను చూపించుకున్నాడు. ముసలాయన పైనుంచి కిందిదాకా చూసి, "ఓ, చాలానీ!" అన్నాడు. పాక వెనక ఉన్న ఇద్దరు కుర్రాళ్లు పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వక తప్పలేదు.

అప్పుడు జరిగింది చెప్తాను. బావ గట్టు దిగి, చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి దాకా నీళ్లలో చెయ్యి ముంచి అరచెయ్యి కనపడుతోందా అని చూశాడు. మా దగ్గర చెరువు వేసే ప్రతివాడూ చేసే పనే. అరచెయ్యి బాగా కనపడితే నీళ్లలో ప్లాంక్టన్, అంటే చేప తినే సన్నటి నాచు, లేనట్టు, ముంజేతి దగ్గరే మాయమైతే మరీ చిక్కబడినట్టు. ముసలాయన వల పక్కన పెట్టి, వచ్చి, బావ పక్కనే వంగి సరిగ్గా అలాగే తన చెయ్యీ ముంచాడు. నీళ్లలో రెండు చేతులు, ఒకటి నల్లగా సన్నగా, ఒకటి గడియారం పెట్టుకున్న లావుపాటి చెయ్యి. రెండు అరచేతులూ ఒకే లోతులో ఆకుపచ్చలో కలిసిపోయాయి. ముసలాయన తల ఊపాడు. బావ తల ఊపాడు. ఆ తర్వాత భాష అవసరం పెద్దగా పడలేదు.

"మేత ఏం వేస్తారు?" అని బావ సైగ చేశాడు. ముసలాయన కాలవ వైపు వేలు చూపించాడు.

బావకి ఇది ఎంతకీ మింగుడు పడలేదు. మన దగ్గర చెరువు ఖర్చులో సగానికి పైగా మేతే. తవుడు, చెక్క, రంధ్రాలు పొడిచిన బస్తాలు వరసగా కట్టిన తాళ్లు. పట్టుబడి అయ్యేసరికి షాపువాడి అప్పు మిగతా అంతా తినేస్తుంది. ఇక్కడ చలికాలంలో చెరువు ఎండబెట్టి, అడుగు దున్ని, సున్నం జల్లి, మురుగు వదిలి, రెండు మూడు వారాలు ఎండకి వదిలేస్తారు. మూడు నాలుగు అడుగులకు మించని లోతు కాబట్టి ఎండ అడుగుదాకా దిగుతుంది. నీళ్లు నలుపు నుంచి ఆకుపచ్చకి తిరిగాక పిల్ల వేస్తారు. ఆ తర్వాత నీటి రంగు చూస్తూ తూము ఎత్తడం, దించడం, అంతే. ఎక్కువ వదిలితే చేప తెల్లారేసరికి తేలిపోతుంది. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఈ ముసలాయన కళ్లలో ఉంది. ఈ మధ్య కాలవలో పూడిక పెరిగి మురుగు చాలడం లేదట, కొందరు మేత కూడా మొదలుపెట్టారట. "మురుగు చాలడం లేదు" అన్న ఫిర్యాదు నేను జన్మలో మొదటిసారి విన్నాను.

గట్ల పొడుగునా వెదుళ్లు పాతి లోపల గుర్రపు డెక్క పెంచుతున్నారు. కొల్లేరులో దాన్ని పీకలేక చచ్చిపోతాం మేం. ఇక్కడ అలలు గట్టుని కొయ్యకుండా అదే కాపలా, పైగా మురుగులోని లోహాలు కొన్ని లాగేస్తుంది.

ఈ చెరువులు మిగిలింది వాటంతట అవి కాదు. ఊరి మురుగు ఎటు పోతోందో కనిపెట్టమంటే 1980ల మొదట్లో ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు కాలవ పట్టుకుని ఇక్కడిదాకా వచ్చాడు. వచ్చి, ఇదంతా ఉత్త బురద గుంటలు కాదు, ఊరి మూత్రపిండాలని జీవితాంతం చెప్తూనే ఉన్నాడు. 2018లో పోయాడు. ఇక్కడ వరల్డ్ ట్రేడ్ సెంటర్ కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు పౌరుల సంస్థ ఒకటి కేసు వేసింది. 1992లో కలకత్తా హైకోర్టు జస్టిస్ ఉమేశ్ చంద్ర బెనర్జీ ఈ నేల వాడకం మార్చకూడదని తీర్పిచ్చారు. 2002 ఆగస్టు 19న ఈ 12,500 హెక్టార్లకి రామ్‌సార్ గుర్తింపు, అంటే కాపాడుకోవలసిన చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. 2006లో రాష్ట్రం వీటికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది.

ఆ తేదీ దగ్గర నేను ఆగిపోతాను. 2002 ఆగస్టు 19నే మా కొల్లేరుకీ రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లోనే మా ఐదో కాంటూరు, అంటే కొల్లేరు అభయారణ్యం హద్దు, లోపలికి చెరువు గట్లు కొట్టడానికి పొక్లెయిన్లు వచ్చాయి. నాకప్పుడు ఇంటర్ రెండో ఏడు. నాన్న 12 ఎకరాల చెరువు గట్టు తెగ్గొడుతుంటే తలకి తువ్వాలు చుట్టుకుని రోడ్డు మీద నిలబడి చూశాడు. ఒకే రోజు పేరు తెచ్చుకున్న రెండు చోట్ల, ఒకే ఏడు ప్రభుత్వం ఒకచోట చెరువుల్ని కాపాడింది, ఇంకోచోట బద్దలు కొట్టింది. చాలా ఏళ్లు ఇది నాకు అన్యాయంగానే అనిపించింది. ఆ గట్టు మీద కూర్చుంటే ఇంకో సంగతి తట్టింది. ఇక్కడి చెరువు ఊరు వదిలేసిన దాన్ని తిని నీళ్లు తేటచేసి పంపుతుంది. మా చెరువు బయట నుంచి మేత తెచ్చి తిని, మురికి నీళ్లు సరస్సులోకి వదులుతుంది. పైగా మా గట్లు కొల్లేట్లోకి దిగే బుడమేరు, తమ్మిలేరు నీళ్లు, బయటికి పోయే ఉప్పుటేరు దాకా పోకుండా అడ్డం పడ్డాయి. అది కూడా నిజమే. నాన్న ఇప్పటికీ ఒప్పుకోడు. నేను సగం ఒప్పుకుంటాను. బావ ఎదురుగా మాత్రం ఆ సగం కూడా ఒప్పుకోను.

పొద్దెక్కాక ఒక కుర్రాడు సైకిల్ వెనక పెద్ద అల్యూమినియం డేక్సా కట్టుకుని వచ్చాడు. పావుకిలో, మూడు వందల గ్రాముల చేపలు, బతికున్నవి, నీళ్లతో సహా పోయించుకున్నాడు. మా దగ్గర అంత చిన్నది పట్టేవాడు లేడు, కిలో దాటందే లారీ ఎక్కదు. ఇక్కడ మార్కెట్ గంట దూరంలోనే కాబట్టి ఏ రోజుది ఆ రోజు పట్టి బతికుండగానే అమ్ముతారు. కుర్రాడు బయల్దేరేముందు అరచెయ్యి దొప్పలా వంచి నీళ్లని చప్ చప్ మని కొడుతూ ఉన్నాడు. నీళ్లకి గాలి అందించే ఏరియేటరు వాళ్లకి అదే.

మధ్యాహ్నం ముసలాయన అన్నం తిని వెళ్లమన్నాడు. ఇక్కడే అసలు టెన్షన్. పొద్దున కాలవ చూశాం కదా. ఆవాలు నూరి వేసిన తిలాపియా పులుసు, ముతక బియ్యం అన్నం, పచ్చిమిరపకాయ. బావ నా వంక చూశాడు, నేను బావ వంక చూశాను. పెద్దాయన పెట్టింది వద్దంటే బాగుండదని ముందు బావే ముద్ద కలిపాడు. బురద వాసన లేదు. చేప గట్టిగా, తియ్యగా ఉంది. బావ రెండోసారి పెట్టించుకున్నాడు. డబ్బులివ్వబోతే ముసలాయన చెయ్యి నెట్టేశాడు. పాక వెనక ఉన్న కుర్రాళ్లకి వంద ఇచ్చి బీడీలకని చెప్పాం, వాళ్లు మొహమాటపడలేదు.

జనవరి 9, శుక్రవారం. ధాపా, టాంగ్రా

ధాపా ఊరి చెత్తకుప్ప. పాత చెత్తని తవ్వి జల్లెడ పట్టే యంత్రాలు ఒకవైపు, ఇంకా కొండలా నిలబడ్డ చెత్త ఒకవైపు. దాని పక్కనే, చెత్త కుళ్లి మట్టయిన నేలలో, కాలీఫ్లవర్ తోటలు. ఇంతేసి తెల్లటి పూలు. పొలం దగ్గర పువ్వు పది రూపాయలకి ఇచ్చింది ఒకావిడ. ఆ చేలు చూస్తే ముచ్చటేసింది గానీ, ఆ మట్టిలో ప్లాస్టిక్ ముక్కలు, పగిలిన గాజు కూడా చూశాను. చేప తిన్నంత ధైర్యంగా ఆ పువ్వు తినలేకపోయాను. హోటల్ కుర్రాడికి ఇచ్చేశాను.

సాయంత్రం టాంగ్రా. హక్కా చైనా వాళ్లు తరాలుగా తోళ్లు శుద్ధి చేసిన పేట ఇది. ఆ క్రోమియం నీళ్లు ఇదే కాలవల్లో కలిసేవి. 1996లో సుప్రీంకోర్టు తోళ్ల కర్మాగారాల్ని ఊరి నుంచి తరలించమంది. బంతలాలో వాటికోసం లెదర్ కాంప్లెక్స్ కట్టారు. ఉండిపోయిన కుటుంబాల్లో కొందరు పాత షెడ్ల పక్కనే హోటళ్లు నడుపుతున్నారు. చిల్లీ చికెన్, నూడుల్స్, ఇద్దరికీ 780. బావ ఆవకాయ పొట్లం విప్పి నూడుల్స్‌లో కలుపుకుంటుంటే హోటల్ పెద్దావిడ వచ్చి చూసి, వేలితో నాకి, కళ్లు మూసుకుని తల విదిలించి నవ్వింది. మిగిలిన పొట్లం ఆవిడకే వదిలేశాం.

ఆకివీడు

భోగి రోజు బావకి ఫోన్ వచ్చింది. సగం డబ్బు పడిందట, మిగతాది "పండగ వెళ్లాక". ఏ పండగో చెప్పలేదు.

నాన్నకి అంతా చెప్పాను. మురుగు కాలవ, ఎండబెట్టిన చెరువు, ముసలాయన చెయ్యి. నాన్న వాలుకుర్చీలో కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"మేత అప్పు లేదంటావు," అన్నాడు.

"దాదాపు లేదు నాన్నా."

"గట్టు కొడతారన్న భయం లేదు."

"చట్టం ఉంది. కానీ ఊరు మీదికి వచ్చేస్తోంది."

కాసేపు ఊరుకుని, "ఆ ముసలాయనకి కొడుకులున్నారా? ఏం చేస్తున్నారు?" అనడిగాడు.

ఉన్నాడు. ఒక్కడే. సెక్టార్ ఫైవ్‌లో ఏదో టవర్ దగ్గర సెక్యూరిటీ గార్డు.